నాలుగణాల చందా

పాత పేపర్లవాడు తక్కెడ తెచ్చాడు.
కిలో పద్నాలుగు రూపాయలట,
అట్టలు చింపి ఇస్తే పదిహేను.

జ్ఞానాపురం సందులో, రైలు కట్టకి ఈవల,
మేడ మీది ఈ గది యూనియన్ ఆఫీసు.
నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.
ముప్పై ఒక్కేళ్ళుగా ఇక్కడ గుమాస్తాని.
రసీదులు రాయడం, జెండా ఉతకడం,
పోయినవాళ్ళ పేర్ల మీద గీత కొట్టడం నా పని.

మొదటి పుస్తకాన్ని చెదలు సగం తిన్నాయి.
మిగిలిన సగంలో తెడ్డు గురువులు ఉన్నాడు.
చందా నాలుగణాలు, పక్కన బొటనవేలి ముద్ర.
అది సిరా కాదు, మాంగనీసు.
సిరా డబ్బా ఎందుకు దండగ,
ఓడ దిగొచ్చిన చెయ్యి చాలదా అన్నాడట.
వేలి గీతలన్నీ పడ్డాయి,
యారాడ కొండ మీద వాన గీసిన దారుల్లాగ.

మా పేటలో సమ్మెలకి సంవత్సరాలు చెప్పరు.
తుపానుకి ముందరి సమ్మె అంటారు,
నూకలు తిన్న సమ్మె అంటారు,
మా రెండోది కడుపులో ఉన్నప్పటి సమ్మె అంటారు.
ఈ చివరిది ఏ మినిట్సు పుస్తకంలోనూ లేదు,
పిల్లా నూకాలమ్మ నోట్లో ఉండేది.

నూకాలమ్మ పదకొండేళ్ళు ఖనిజం తట్టలు మోసింది,
ప్లాటు నుంచి ఓడ పలక దాకా.
సభ్యుల పట్టీలో ఆవిడ లేదు.
ఖర్చుల్లో ఉంది:
"ధర్నానాడు గంజి కాచినందుకు నూకాలుకి రూపాయిన్నర."
నాకంటే ముందున్న గుమాస్తా దస్తూరీ,
గుండ్రంగా, ముచ్చటగా.

ఒకసారి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.
"నా ముద్ర ఎక్కడున్నాదో సూపించు బాబూ."
నేను పేజీలు తిప్పుతూ కూచున్నాను.
"లేదేటి? మరి గేటు కాడ లాటీ నా ఈపు మీదే పడ్డాది.
సబ్యత్వం అడక్కుండానే కొట్టీసినాడా ఆడు?"
నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో బెల్టు వచ్చింది.
ఖనిజం తనంతట తనే నడిచి ఓడెక్కింది.
ఆ రాత్రి కమిటీ ఏడు గంటలు కూచుంది.
క్రేన్లవాళ్ళ బోనస్సు, తీర్మానం పంతొమ్మిది.
తట్టలవాళ్ళ గురించి ఇరవయ్యోది రాయబోతే
కరెంటు పోయిందని ఉంది.
అబద్ధం కాకపోవచ్చు.
మా సందులో కరెంటు పోతూనే ఉంటుంది.

తర్వాత ఊరు దక్షిణానికి పాకింది.
మల్కాపురం పొగ దాటి, గాజువాక దాటి, ఉక్కు దాకా.
గేటుకో జెండా.
ఆ తర్వాత గేటుకి ఏడు జెండాలు.
మైకులు ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే
షిఫ్టు సైరన్ ఒక్కటే అందర్నీ ఒకేలా పిలిచేది.
నేనూ ఒక చీలికలో చీలాను.
కర్రి బెర్నార్డుతో తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు.
ఎందుకో చెప్పాలంటే ఇప్పుడు కరపత్రం వెతకాలి.
ఆయన పోయిన రోజు రెండు జెండాలు కప్పారు,
ఏది పైన ఉండాలని కాసేపు గొడవ.
శవం ఓపిగ్గా ఉంది.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు, కూర్మన్నపాలెం నుంచి.
ఫర్నేసులో కాంట్రాక్టు.
మూడు నెలలకోసారి కొత్తగా పుట్టిస్తారట వాణ్ణి,
కొత్త గేటు పాసుతో.
"యూనియన్ పెట్టాలంటే ఎంతమంది ఉండాలి సార్?"
మా రోజుల్లో ఏడుగురన్నాను,
ఇప్పుడు లెక్క మారింది, కనుక్కుని చెప్తానన్నాను.
"మేం ఆరుగురం."
కాసేపాగి, గోడ మీది మేకు చూస్తూ,
"క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిణ్ణి లెక్కెయ్యొచ్చా?"

బీరువా అడుగున ఒక రసీదు పుస్తకం దొరికింది,
వాడనిది.
తక్కెడవాడు చెయ్యి చాపాడు, ఇయ్యలేదు.
మొదటి రసీదు ఆవిడ పేరున రాయమన్నాను కుర్రాణ్ణి.
కార్బన్ కాగితం ఎప్పుడో ఎండిపోయింది,
గట్టిగా నొక్కి రాయి నాయనా,
కింది కాగితానికి కూడా అందాలి.